ముల్లు కింద చుక్క

మా పిన్ని చేసిన పనికి, ఆ పని పోయే ఏడాది దాకా పేరే లేదు. పదేళ్ళకు పైగా ఆమె మీటర్ల ఫ్యాక్టరీలో డయళ్ళ మీద గీతలు గీసింది. ఏం చేస్తావని ఎవరైనా అడిగితే "మీటర్లు చేస్తాం" అనేది, అంతే. అంకెలు వెలిగే కొత్తరకం మీటర్లు వచ్చి పక్క హాల్లో తిష్ట వేశాక, ఒకరోజు పొద్దున్న వీళ్ళు పనికి వెళ్ళేసరికి గుమ్మం మీద కొత్త బోర్డు వేలాడుతోందట, 'అనలాగ్ విభాగం' అని. ఇదేమిటని అడిగితే ఫోర్‌మన్, ముల్లున్నవన్నీ అనలాగ్, అంటే మీరే అన్నాడట. పేరు పెట్టారంటే సాగనంపడానికేనని తనకి అప్పుడే అర్థమైందంటుంది పిన్ని. ఎనిమిది నెలలకి ఆ విభాగం మూసేశారు.

నేను బళ్ళో సైన్సు చెప్తాను. నాకు ముక్కు మీదే కోపమని మా ఇంట్లో అందరూ అంటారు. అందరూ అంటే పిన్నీ, మా ఆయనా, మా అమ్మాయీ. పిన్ని అయితే నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అసలు పేరుతో పిలిచిన పాపాన పోలేదు, "మిరపకాయా" అనే పిలుపు. మా అమ్మ నాకు మూడేళ్ళప్పుడు పోయింది. నాన్న ఏడాది తిరక్కుండా మరో ఊళ్ళో మరో సంసారం పెట్టుకుని అటునుంచి అటే అయిపోయాడు. అప్పటికి పిన్నికి ఇరవై ఆరేళ్ళు, పెళ్ళి కాలేదు. నన్ను చంకనేసుకుని రెండు గదుల ఇంట్లో దిగింది. నా పెళ్ళయ్యాక కొన్నేళ్ళు నేను వేరే ఊళ్ళో ఉన్నా, మళ్ళీ బదిలీ చేయించుకుని ఆ ఇంటికే వచ్చిపడ్డాను.

ఈమధ్య ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు పాత పనిముట్లన్నీ పోగేసి ఒక గది తయారుచేస్తూ, 'అనలాగ్' అంటే ఏమిటో బడిపిల్లలకి అర్థమయ్యేలా ఒక అట్ట మీదికి రాసిమ్మని నన్నడిగారు. పది వాక్యాలు చాలన్నారు. పది వాక్యాలేగా అని తలూపేశాను. తలూపాక తెలిసింది, ఆ మాట ఒకచోట కుదురుగా కూర్చునే రకం కాదని.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. దాన్నడిగితే, "ముళ్ళుండే గడియారం. నాకు చూడ్డం రాదు, అదే అనలాగ్" అంది. సైన్సు టీచరు కూతురికి గడియారం చూడ్డం రాదంటే నాకు తల కొట్టేసినట్టయింది. మందుల షాపాయన పిన్నికి వాడే ఇన్సులిన్ నా చేతిలో పెడుతూ, ఇదీ అనలాగే కదా అన్నాడు. ఒంట్లో పుట్టేదాన్ని పోలినదే చేస్తారట, ఎక్కడో ఒక చిన్న మార్పు పెడతారట, పని మాత్రం అదే చేస్తుందట. నా పాఠ్యపుస్తకంలోనేమో పక్షి రెక్కా సీతాకోకచిలుక రెక్కా ఒకదానికొకటి అనలాగ్. పుట్టుక వేరు, చేసే పని ఒకటి. టీవీలు బాగుచేసే అతను ఇంకోటి చెప్పాడు. పాత టీవీలో బొమ్మ పూర్తిగా పోయేది కాదు, చుక్కచుక్కలుగా, మసగ్గా అయినా ఉండేదట. ఇప్పుడు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదట. అది చెప్తూ అతను ఎందుకో కాస్త దిగులుపడ్డాడు.

ఇవన్నీ కాగితం మీద పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. పిన్ని ఉల్లిపాయలు తరుగుతోంది. పదేళ్ళు ఆ పనే చేసినదానివి కదా, నువ్వే చెప్పు అన్నాను.

"తీగలో పోయేది కంటికి కనబడదు కదే," అంది. "దాని బదులు ముల్లు కదుల్తుంది. అది ఎంత పెరిగితే ఇది అంత జరుగుతుంది. ముల్లు కరెంటు కాదు. కానీ కరెంటు ఎలా ఉందో అలాగే ఉంటుంది."

నేను చదివిన పుస్తకాలన్నిటికంటే ఇది నయంగా ఉంది. వెంటనే రాసుకుని, ఊరుకోలేక, అయితే నువ్వు మా అమ్మకి అనలాగ్‌వన్నమాట పిన్నీ అన్నాను. పిన్ని తరుగుడు ఆపకుండా, చిన్న మార్పుంది, మీ అమ్మ నిన్ను కొట్టేది కాదు అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వులోనే నేను కాలేజీ వాళ్ళు పంపిన వస్తువుల జాబితా పైకి చదవడం మొదలెట్టాను. మన పంపుహౌసులో మోటార్లు ఎంత కరెంటు తీసుకుంటున్నాయో చూపే ముల్లు మీటర్లు రెండున్నాయట, శుక్రవారం వాటిని పీకేసి అంకెలవి పెడతారట, ఆ పాతవి కాలేజీ లాబులో పరీక్షించి ఎంత సరిగ్గా చూపిస్తున్నాయో పక్కనే రాసి, తయారుచేసినవాళ్ళ గుర్తులతో సహా గాజుపెట్టెలో పెడతారట. చదువుతూ తల ఎత్తి చూస్తే పిన్ని చేతిలో కత్తి కదలడం లేదు.

శుక్రవారమా అని అడిగింది. అవునన్నాను. చేతులు కడుక్కుని వెళ్ళి మంచం మీద కూర్చుంది. ఉల్లిపాయలు సగంలో ఉన్నాయి. మా పిన్ని సగంలో వదిలేసిన పని అంతకుముందు నేను చూడలేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు కడుపులో దాచుకున్నది అప్పుడు చెప్పింది.

ఆ మీటర్లు తయారుచేసే పద్ధతి ముందు చెప్పాలి. మీటరులో తీగచుట్ట ఒకటి, చిన్న ఇనుపరేకు ఒకటి, వెంట్రుకంత స్ప్రింగు ఒకటి. ఏ రెండు స్ప్రింగులూ ఒక్కలా ఉండవు. అందుకని డయళ్ళు అచ్చు గుద్దినట్టు ఒకేలా వేస్తే కుదరదు. ఏ ముల్లుకి ఆ డయలు చేత్తో గీయాల్సిందే. బల్లకి అటువైపు ముల్లు అమర్చే ఆయన కూర్చునేవాడు, ఇటువైపు పిన్ని. ఆయన నాబ్ తిప్పి సరిగ్గా పది ఆంపియర్ల కరెంటు పంపి "పది" అనేవాడు. పిన్ని ఒక కన్ను మూసి, తెల్ల డయలు మీద ముల్లు కొస ఎక్కడ ఆగిందో సరిగ్గా దాని కింద పెన్సిలు చుక్క పెట్టి "పడింది" అనేది. ఆ మాట వింటేగానీ ఆయన ఇరవైకి వెళ్ళేవాడు కాదు. పిన్నికి తుమ్మొచ్చినా సరే, ముల్లు అక్కడే నిలబడి ఉండేది. చుక్కలన్నీ అయ్యాక డయలు ఊడదీసి నల్లసిరాతో గీతలూ అంకెలూ వేసి ఆరబెట్టేవారు. ఆరాక ఆయన డయలు వెనక మీటరు నంబరు రాసి, కింద తన గుర్తుగా బాణం గీసేవాడు. పిన్ని దాన్ని వెనక్కి తిప్పి నంబరు చూసుకుని, బాణం పక్కన తన గుర్తుగా చుక్క పెట్టి, అప్పుడు బిగించేది. బిగించాక ఆయన ఒకే ప్రశ్న అడిగేవాడట ప్రతిసారీ, "తిప్పి చూశావా?" అని. ఇద్దరి గుర్తులూ లేకుండా ఏ మీటరూ ఆ బల్ల దాటేది కాదు.

ఆయన్ని అందరూ ముల్లు మాస్టారు అనేవారు. పేరులోనే ముల్లు, మనిషి మాత్రం నోట్లో నాలుక లేనివాడు. స్ప్రింగు సర్దడానికని ఎడమచేతి చిటికెనవేలి గోరు పెంచుకునేవాడు. రోజూ పిన్నికంటే ముందే వచ్చి ఆమె పెన్సిలు బ్లేడుతో సూదిలా చెక్కి ఆమెవైపు బల్ల మీద పెట్టేవాడు. పదేళ్ళలో ఒక్కరోజు కూడా పిన్ని తన పెన్సిలు తను చెక్కుకోలేదు. మరి మీరిద్దరూ ఏం మాట్లాడుకునేవారు అన్నాను. "పది, పడింది, ఇరవై, పడింది" అంది పిన్ని. రోజుకి కొన్ని వందలసార్లట.

నాకు అప్పుడు చాలా విషయాలు ఒకేసారి తట్టాయి. నా చిన్నప్పుడు కూరగాయల షాపులో తక్కెడ ముల్లు ఆగగానే పిన్ని పెదాల్లో ఏదో గొణిగేది. డాక్టరు దగ్గర రక్తపోటు చూసే గుండ్రటి మీటరు ముల్లు ఆగినా గొణిగేది. నలుగురిలో నా పరువు తీస్తున్నావని పదేళ్ళ వయసులో నేను ఒంటికాలి మీద లేచాను. అప్పట్నుంచి మానేసింది. మానేసిందనుకున్నాను.

విభాగం మూసేస్తారని తెలిశాక మాస్టారికి వేరే ఊళ్ళో మీటర్లు బాగుచేసే కంపెనీలో పని దొరికింది. ఆఖరి రోజుకి ముందురోజు మిగిలినవి పంపుహౌసు మీటర్లు రెండే. రెండో మీటరు చుక్కలు పెట్టడం అయిపోయాక, ఆయన నాబ్ మీద చెయ్యి తియ్యకుండా అన్నాడట, "అక్కడా ఒక బల్ల ఉంది. రెండు కుర్చీలు వేయమన్నాను. వస్తావా?" అని.

పిన్ని రేపు చెప్తానంది.

"ఆ రాత్రంతా రెండు కుర్చీల మాటే," అంది నాతో. "మూడో దాని ఊసెత్తలేదు కదా ఆయన."

మూడో కుర్చీ ఎవరిదో నాకు తెలుసు. అడగొచ్చు కదా పిన్నీ అన్నాను. అడిగితే కాదంటాడేమోనని భయపడిందట. కాదన్న మనిషితో మర్నాడు అదే బల్ల దగ్గర ఎలా కూర్చోవడం అనుకుందట. అయినా గుండె రాయి చేసుకుని, పొద్దున్నే అడిగేద్దామనే వెళ్ళింది.

ఆ పొద్దున్న డయళ్ళ మీద సిరా గీతలు వేసింది. రెండోదాని డెబ్భైలో ఏడంకె కొంచెం చెదిరితే బ్లేడుతో గీకి దిద్దింది. ఆరాక అడుగుదాం అనుకుంటూ ఉండగానే పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది. నాకు ఒళ్ళు కాలిపోతోందట. పిన్ని ఉన్నపళంగా ఇంటికొచ్చి, నన్ను డాక్టరు దగ్గరికి ఎత్తుకెళ్ళి, మందు పట్టించి, పక్కింటావిడకి అప్పగించి మళ్ళీ వెళ్ళేసరికి మూడయింది. బయట లారీ ఇంజను ఆడుతోంది. ఫోర్‌మన్ అరుస్తున్నాడు. మాస్టారిని పెట్టెలు ఎక్కించడానికి పంపేశారు. ఆరిన డయళ్ళు రెండూ గోడకి రెండు మేకులకి వేలాడుతున్నాయి. ఏ మేకుకి ఏదన్న పట్టింపు ఎవరికీ ఉండేది కాదు, వెనక నంబరుంటుంది కదా. పిన్ని కళ్ళనిండా నీళ్ళు. ఎడమవైపుది ఒకటో మీటరుకి, కుడివైపుది రెండోదానికి బిగించేసింది. జీవితంలో ఆ ఒక్కసారి తిప్పి చూడలేదు, చుక్క పెట్టలేదు.

మాస్టారు లోపలికి వచ్చాడు. బిగించిన మీటర్లు చూశాడు. ఎప్పటిలాగే, "తిప్పి చూశావా?" అన్నాడు. పిన్ని, "చూశాను" అంది.

ఆయన ఇంకేదో వినడానికన్నట్టు నిలబడ్డాడట. లారీ హారను కొడుతోంది. పిన్ని నోరు పెగల్లేదు. సరే అని పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

మూడోరోజు దండెం మీద బట్టలు ఆరేస్తుంటే పిన్నికి గుర్తొచ్చింది. ఒకటో మీటరు అద్దం బిగిస్తున్నప్పుడు దాని లోపల గీకిన ఏడంకె కనబడింది. గీకిన ఏడు ఉన్నది రెండోదాని డయలు మీద కదా! డయళ్ళు తారుమారయ్యాయి. ఇక రెండూ తప్పే చూపిస్తాయి, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. పైగా వాటి వెనక ఉన్నది మాస్టారి బాణం ఒక్కటే. బయటికి చెప్తే తప్పుచేసినవాడని ఆయన కొత్త పనిలో పేరు చెడుతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. పిన్ని చెప్పలేదు. పంపుహౌసు మా ఇంటికి నాలుగు వీధుల అవతలే. ఆ దారిలో నడవకుండా ముప్ఫై ఒక్క ఏళ్ళు చుట్టుతిరిగి మార్కెట్టుకి వెళ్ళింది. కాళ్ళ నొప్పులు, దగ్గర దారిలో పోదామే అని నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో లెక్కలేదు.

మాస్టారు ఏడేళ్ళు ఆగి పెళ్ళి చేసుకున్నాడట. కిందటేడు పోయాడు. ఆ రెండు కబుర్లూ అప్పట్లో ఫ్యాక్టరీలో తీగలు చుట్టిన ఒకావిడ ఫోన్లో చెప్పినవే. రెండో కబురు వచ్చిన వారం కూరల్లో ఉప్పు రెండుసార్లు వేస్తోందని నేను పిన్ని మీద గయ్యిమన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తోంది.

"తప్పుడు ముల్లు ఒక్కటీ బయటికి పంపని మనిషి," అంది పిన్ని. "గాజుపెట్టెలో పెట్టి, ఇది ఇంత తేడా చూపిస్తోంది అని రాసి, పక్కన ఆయన బాణం చూపిస్తారా? నేను బతికుండగా?"

మంగళవారం అది. గురువారం బడికి సెలవు పెట్టాను. అట్ట మీద రాయడానికి మీటర్లు దగ్గరగా చూడాలని పంపుహౌసుకి కబురు పెడితే, ఆపరేటరు పదకొండు గంటలకి రమ్మన్నాడు, ఆ వేళకి మోటార్లు కాసేపు ఆపుతారట. పిన్ని చిన్న స్క్రూడ్రైవర్లు రెండు, మెత్తటి గుడ్డ, ఒక పెన్సిలు సంచిలో వేసుకుంది. పెన్సిలు కొస చూశాను. సూదిలా చెక్కి ఉంది. పిన్ని నాలుగు వీధులూ నా మోచెయ్యి పట్టుకునే నడిచింది.

పంపుహౌసు లోపల నూనె వాసన, తడి సిమెంటు వాసన. రెండు పెద్ద మోటార్లు, గోడకి ఆకుపచ్చ రంగు ప్యానెలు. ఆపరేటరు రిటైరు కాబోతున్న మనిషి, మాటలపోగు. మోటార్లు ఆపి, ప్యానెలుకి కరెంటు తీసేసి, చూసుకోండమ్మా అన్నాడు. పిన్ని కళ్ళద్దాలు సర్దుకుని ఒకటో మీటరు ముందు నిలబడింది. చాలాసేపు చూసింది. తర్వాత రెండోదాని దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. నావైపు తిరిగింది.

గీకిన ఏడు రెండో మీటరులోనే ఉంది. ఉండాల్సిన చోటే.

ముప్ఫై ఒక్క ఏళ్ళు లేని తప్పు మోసిందా మా పిన్ని అనుకున్నాను. అప్పుడు ఆపరేటరు తన ధోరణిలో తను చెప్పుకుపోతున్నాడు. ఇదివరకు మా ఒకటో మోటారుని తిండిపోతు అనేవాళ్ళమమ్మా, రెండోదానికంటే ఎప్పుడూ ఎక్కువ కరెంటు తాగుతున్నట్టు చూపించేది, మోటారు విప్పి చూస్తే ఏ జబ్బూ లేదు, చివరికి మీటర్లు బాగుచేసే కంపెనీకి రాశాం అన్నాడు. అక్కడినుంచి ఒక పెద్దాయన వచ్చాడట. పన్నెండేళ్ళయింది. ఎడమచేతి చిటికెనవేలికి ఇంత గోరట. పొద్దున్నే మీటర్లు రెండూ విప్పి, వాటిని చేత్తో పట్టుకుని గంటసేపు అలా స్టూలు మీద కూర్చుండిపోయాడట. తర్వాత ఈ వీధుల్లో ఎక్కడో తెలిసినవాళ్ళిల్లు ఉందని వెళ్ళి, తాళం వేసి ఉందని తిరిగొచ్చాడట. సాయంత్రం మళ్ళీ వెళ్ళి చూసొచ్చాడట. ఆ రాత్రి బండికే వెళ్ళిపోయాడట. ఆయన వెళ్ళాక తిండిపోతు మామూలు మనిషైపోయిందమ్మా, ఏం చేశాడో తెలీదు అని నవ్వాడు.

ఏం చేశాడో రాసి ఉంటుంది కదా అన్నాను నేను. ఆపరేటరు బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి వెతికి చూపించాడు. ఒక్కటే వాక్యం ఉంది, చిన్న అక్షరాలతో: 'అద్దం తుడవడమైనది.' కింద బాణం.

తేదీ నేను రెండుసార్లు చదివాను. నా కాన్పు నెల అది. నాకు తోడుండడానికి పిన్ని ఇంటికి తాళం వేసి మా ఊరొచ్చి రెండు నెలలుంది. మొదటిసారి నా జ్వరం. రెండోసారి నా కాన్పు. ఆ మనిషి పిన్ని దగ్గరికి వచ్చిన రెండుసార్లూ మధ్యలో నిలబడ్డది నేనే. ఆ మాటే పైకి అన్నాను. ఏడుపొచ్చేసింది.

పిన్ని నావైపు చూసి, నీకు జ్వరం నువ్వు తెచ్చుకున్నావటే అంది. ఆపరేటర్ని అడిగి స్టూలు వేయించుకుంది. ఇక డయళ్ళు మార్చే పని లేదు. అయినా ఆ రోజు పెట్టాల్సిన చుక్క పెట్టనే లేదు కదా, పెట్టేసి పోదాం అంది. ఒకటో మీటరు అద్దం ఊడదీసింది. రెండు చిన్న స్క్రూలు తిప్పి, ముల్లుకి తగలకుండా డయలుని దాని కిందినుంచి పక్కకి లాగింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ తర్వాత కూడా ఆ వేళ్ళకి పని గుర్తుంది.

డయలుని వెనక్కి తిప్పింది.

నేను ఆమె భుజం మీదినుంచి చూశాను. పైన మీటరు నంబరు. దాని కింద పెన్సిలుతో రెండు వరుసలు ఉన్నాయి. "అక్కడ బడి మా వీధి చివరే. బల్ల దగ్గర రెండు కుర్చీలు చాలు. ఇంట్లో మూడు." ఫ్యాక్టరీ ఆఖరి రోజు తేదీ. బాణం. పక్కన ఖాళీ.

దాని కింద ఇంకో వరుస, అదే చేతిరాతలో. "నువ్వు తిప్పి చూడలేదని ఇవాళ తెలిసింది." పన్నెండేళ్ళ కిందటి తేదీ. మళ్ళీ బాణం. మళ్ళీ పక్కన ఖాళీ.

తిప్పి చూశావా అని ఆ రోజు ఆయన అడిగింది నంబరు గురించి కాదు. చూశాను అన్న మాట పట్టుకుని, చూసి కూడా ఏమీ అనలేదనుకుని ఏడేళ్ళు ఎదురుచూశాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. నోటితో చెప్పొచ్చు కదయ్యా, లారీ పోతే పోయింది, ఒక్క మాట! పిన్ని మీదా వచ్చింది. ఆ ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి తిట్టాలనిపించింది. ఒకాయన లేడు. రెండో మనిషి నా ముందు స్టూలు మీద కూర్చుని, ఆ డయలు ఒళ్ళో పెట్టుకుని, 'మూడు' అన్న మాట మీద బొటనవేలితో నిమురుతోంది.

చివరికి పిన్ని సంచిలోంచి పెన్సిలు తీసింది. ఒక కన్ను మూసింది. మొదటి బాణం పక్కన చుక్క పెట్టింది. రెండో బాణం పక్కన చుక్క పెట్టింది.

"పడింది," అంది. నాతో కాదు.

డయలుని దాని చోట బిగించింది. రెండో మీటరుదీ విప్పి, తిప్పి చూసి, బాణం పక్కన చుక్క పెట్టి బిగించింది. అద్దాలు లోపలా బయటా గుడ్డతో తుడిచింది. కరెంటు ఇచ్చి మోటార్లు వెయ్యమంది. మోటార్లు లేవగానే రెండు ముళ్ళూ ఒక్కసారి పైకెగిరి, కిందికి దిగి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాయి. పిన్ని పెదాలు కదిలాయి. నేను ఏమీ అనలేదు.

బయటికి వస్తుంటే ఆపరేటరు రిజిస్టరు తెరిచి, ప్యానెలు విప్పాక ఏదో ఒకటి రాయాలమ్మా, ఏం రాయమంటారు అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు పిన్ని వెనక్కి తిరిగింది.

"అద్దం తుడిచామని రాయండి," అంది.